తీగచుట్ట కూత: గ్రాఫిక్స్ కార్డు శబ్దాన్ని ఇంట్లోనే తగ్గించుకోవడం ఎలా?



వార్షికోత్సవ సంచికకు తమ్ముళ్ళకు పనికొచ్చే పాఠం ఒకటి రాయమని వార్డెన్ గారు అడిగారు. మాకు దెబ్బ తిని నేర్చుకున్న పాఠం ఒకటి ఉంది. కంప్యూటరులోని గ్రాఫిక్స్ కార్డు ఒక్కోసారి "కీ..." అని సన్నగా కూస్తుంది. దీన్నే కాయిల్ వైన్ అంటారు. వినడానికి చిన్న విషయమే. కానీ దానివల్ల మాకు 12 రోజుల పని పోయింది. అప్పు చేసి కొన్న వస్తువును సగం ధరకు అమ్ముకునేదాకా వచ్చాం. మీలో రేపు కంప్యూటరు కొనేవాళ్ళు ఉంటారు. మా లాగా భయపడకూడదని ఈ వ్యాసం రాస్తున్నాం.

రాస్తున్న చెయ్యి ఒకటే అయినా అనుభవం ముగ్గురిది కాబట్టి 'మేము' అంటున్నాం. ముగ్గురం వైరా హాస్టల్లో ఒకే గదిలో పెట్టెలు పెట్టుకున్నవాళ్ళమే. ఇప్పుడు ఖమ్మంలో ఒక అద్దె గదిలో ఉండి పీజీ కంప్యూటర్స్ చదువుతున్నాం. మా ఇళ్ళలో డిగ్రీ చదివింది మేమే మొదలు. కాబట్టి ఇంట్లో ఏదైనా యంత్రం కూస్తే "ఏమైంది నాయనా?" అని మమ్మల్నే అడుగుతారు. మాకు తెలియకపోతే అడగడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు.

మా గదిలో జరిగింది

మాలో ఒకడిది భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న ఊరు. వాళ్ళ నాయనమ్మ కోయ భాష మాట్లాడుతుంది. 50 కోయ మాటలను విని గుర్తుపట్టేలా కంప్యూటరుకు నేర్పడం మా ప్రాజెక్టు. ఆ పనికి ఒకేసారి వేల లెక్కలు చేయాలి. మామూలు ప్రాసెసర్ మీద రోజులు పట్టేది గ్రాఫిక్స్ కార్డు మీద గంటల్లో అయిపోతుంది. మాలో ఒకరి అమ్మ మహిళా సంఘంలో అప్పు తీసుకొని 18,000 రూపాయలు చేతిలో పెట్టింది. ఒక దుకాణంలో సెకండ్ హ్యాండ్ కార్డు కొన్నాం.

మొదటి రాత్రి ప్రోగ్రాం మొదలుపెట్టగానే కూత మొదలయింది. ఆపితే ఆగింది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ వచ్చింది. ముగ్గురం లేచి కూర్చున్నాం. అప్పటికి ఒక్క కిస్తీ కూడా కట్టలేదు. కార్డు కాలిపోతుందేమోనని ప్లగ్గు పీకేశాం.

మరునాడు దుకాణానికి తీసుకెళ్ళాం. యాభై దాటిన ఆయన చెవి దగ్గర పెట్టుకొని విని "శబ్దమేం లేదు కదా బాబూ" అన్నాడు. మాకు గట్టిగా వినపడుతుంటే ఆయన లేదంటున్నాడు. మోసం చేస్తున్నాడనుకొని కోపంగా వచ్చేశాం. ఇంకోచోట చూపిస్తే "ఇది పోయేదే, 9,000 ఇస్తా, ఇచ్చెయ్యండి" అన్నారు. ఇవ్వలేదు. ఆ కూతతోనే పని సాగించాం.

అదే సమయంలో నాయనమ్మ కంటి ఆపరేషనుకు ఖమ్మం వచ్చి మా గదిలోనే ఉంది. 12 రోజులు సాయంత్రం పూట ఆమె మాటలు రికార్డు చేశాం. పక్కన కంప్యూటరు నడుస్తూనే ఉంది. ఆమె ఊరికి వెళ్ళిపోయాక విని చూస్తే ప్రతి మాట వెనకా "కీ" అనే కూత ఉంది. సాఫ్ట్‌వేరుతో తీసేద్దామని చూశాం. ఆ కూత ఒకచోట నిలబడదు, కార్డు పనిని బట్టి పైకీ కిందికీ జారుతుంది. దాన్ని కోస్తే మాటల్లోని 'స', 'చ' వంటి శబ్దాలు కూడా తెగిపోయాయి.

వైండింగ్ షాపులో విన్న పాఠం

దసరాకు వైరా వస్తూ కంప్యూటరు డబ్బాను దుప్పట్లో చుట్టి బస్సులో తెచ్చాం. మాలో ఒకరి మేనమామ బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపులో పనిచేస్తాడు. ఆయన చదివింది ఏడో తరగతి. కాసేపు చెవి పెట్టి విని ఇలా అన్నాడు:

"ఇది కాలిపోయే కూత కాదురా అల్లుడూ. కాలేదైతే వాసనొస్తది. ఇది తీగ వణికే కూత. మేం వైండింగు చుట్టినంక వార్నిష్ ఎందుకు పోస్తమనుకున్నవ్? తీగ కదలకుండ. కదిల్తే ఒరుసుకుంటది, ఒరుసుకుంటే ఇనామిల్ పోతది."

ఇంటర్ ఫిజిక్సు పుస్తకంలో మేము చదివి, పరీక్ష రాసి, మరిచిపోయిన విషయం ఇదే. కరెంటు పారే తీగ అయస్కాంత క్షేత్రంలో ఉంటే దాని మీద బలం పనిచేస్తుంది. కరెంటు మారితే బలం మారుతుంది. బలం మారితే తీగ వణుకుతుంది. వణుకు సెకనుకు 20 సార్ల నుంచి 20,000 సార్ల మధ్య ఉంటే మన చెవికి శబ్దంగా వినపడుతుంది.

పాత ట్యూబులైటు చోకు "గుయ్..." అనడం మనలో చాలామంది విన్నదే. చోకు అంటే ఇనుప రేకుల చుట్టూ చుట్టిన తీగ. మన కరెంటు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. ఒక్కో ఆవర్తనంలో కరెంటు రెండుసార్లు గరిష్ఠానికి చేరుతుంది, ఒకసారి ఇటు, ఒకసారి అటు. దిశ ఏదైనా రేకుల మీద లాగుడు ఒకటే. అందుకే చోకు సెకనుకు 100 సార్లు వణుకుతుంది. రోడ్డు పక్క ట్రాన్స్‌ఫార్మర్ పాడేదీ ఆ 100 హెర్ట్జ్ శబ్దమే. పైగా ఇనుము అయస్కాంతీకరణ చెందినప్పుడు వెంట్రుక వాసి కంటే తక్కువగా సాగి ముడుచుకుంటుంది. దీన్ని జేమ్స్ జూల్ 1842లో కనిపెట్టాడు. మన పుస్తకాల్లో శక్తికి ప్రమాణంగా ఉన్న జౌలు ఆయన పేరే.

కార్డులో ఏం జరుగుతుంది?

కంప్యూటరు పవర్ సప్లై గ్రాఫిక్స్ కార్డుకు 12 వోల్టులు ఇస్తుంది. కానీ కార్డులోని చిప్‌కు కావలసింది సుమారు 1 వోల్టు. 12ను 1కి దించే పని కార్డు మీద వరసగా ఉండే చిన్న నలుపు, బూడిద రంగు దిమ్మెలు చేస్తాయి. ఒక్కో దిమ్మెలో ఒక తీగచుట్ట ఉంటుంది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. చిప్ 100 వాట్లు వాడుకుంటే, 1 వోల్టు దగ్గర కరెంటు 100 ఆంపియర్లు. మన పొలంలో 5 హెచ్‌పీ మోటారు ఒక్కో ఫేజుకు తీసుకునేది సుమారు 8 ఆంపియర్లే. అరచేతిలో పట్టే చిప్‌కు 100 ఆంపియర్లు! దాన్ని 5 తీగచుట్టలు పంచుకుంటే ఒక్కోదానికి 20 ఆంపియర్లు. 20 ఆంపియర్లు పారే రెండు తీగలు 2 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, సెంటీమీటరు పొడవు మీద పనిచేసే బలం 0.0004 న్యూటన్లు. అంటే సుమారు 40 మిల్లీగ్రాముల బరువు, దాదాపు రెండు బియ్యపు గింజలంత. తీగచుట్ట లోపలి అయస్కాంత పదార్థం వల్ల వచ్చే బలం ఇందులో కలపలేదు. రెండు గింజల బరువు ఏపాటిది అనుకోవచ్చు. కానీ సెకనుకు వేలసార్లు పెట్టి తీస్తుంటే చెవికి అది చాలు.

ఈ దిమ్మెలకు వచ్చే వోల్టేజీ సెకనుకు లక్షల సార్లు ఆన్-ఆఫ్ అవుతుంది. అది చెవికి అందని పౌనఃపున్యం. మరి వినపడేది ఏమిటి? చిప్ పని ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఒక బొమ్మ గీస్తుంది, క్షణం ఆగుతుంది, మళ్ళీ గీస్తుంది. సెకనుకు 1,000 బొమ్మలు గీస్తే కరెంటు 1,000 సార్లు పెరిగి తగ్గుతుంది. అది సరిగ్గా చెవికి అందే శబ్దం. మన చెవి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య అన్నిటికంటే చురుకుగా ఉంటుంది. ఊయలను సరైన సమయంలో నెడితే ఎక్కువ ఊగినట్లు, తీగచుట్ట సహజ పౌనఃపున్యం దానికి కలిస్తే అనునాదం వచ్చి కూత పెరుగుతుంది. కార్డు మీది సెరామిక్ కెపాసిటర్లు కూడా వోల్టేజీ మారినప్పుడు సాగి ముడుచుకొని బోర్డును వణికిస్తాయి.

వయసు పెరిగే కొద్దీ మనిషికి సన్నని శబ్దాలు వినపడడం తగ్గుతుంది. ఇది మాకు తరువాత తెలిసింది. ఆ దుకాణదారు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. ఆయనకు నిజంగానే వినపడి ఉండకపోవచ్చు. మేమే తొందరపడ్డాం.

ముందు కూత ఎక్కడిదో తేల్చుకోవాలి

1. కార్డు మీద పని పెట్టగానే కూత మొదలై, ఆపగానే ఆగితే అది తీగచుట్టదే. నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గితే అది ఫ్యానుది.

2. పాత న్యూస్ పేపరును గొట్టంలా చుట్టి ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస డబ్బా వైపు పెట్టండి. కార్డు, పవర్ సప్లై, హార్డ్ డిస్క్ వైపు ఒక్కొక్కటిగా తిప్పండి. దేనికీ తగలనివ్వకండి. పేపరు ఫ్యానులోకి పోకుండా చూసుకోండి.

3. కూత హెడ్‌ఫోన్లలో మాత్రమే వినపడితే అది వేరే సమస్య. తీగ వణకడం కాదు, ఆడియో తీగల్లోకి కరెంటు రొద దూరడం.

4. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడే శబ్దం వస్తే కార్డును తిట్టకండి. చవక ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు మెలికల అల బదులు మెట్ల అల ఇస్తాయి. దానికి సీలింగ్ ఫ్యాను కూడా గుయ్‌మంటుంది.

5. ఫోనులో శబ్దాన్ని గీతలుగా చూపే ఉచిత యాప్‌లు ఉన్నాయి. మా కూత సుమారు 3,200 హెర్ట్జ్ దగ్గర నిటారు గీతగా కనిపించింది. ఆ గీత కుంగితే మన పద్ధతి పనిచేసినట్లు.

కాలిన వాసన, చిటపట, పొగ, తెర ఆరిపోవడం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది కాయిల్ వైన్ కాదు. వెంటనే ప్లగ్గు తీయండి. ఇవేమీ లేకుండా కూత మాత్రమే ఉంటే కార్డు చెడిపోయిందని అర్థం కాదు. అందుకే చాలా కంపెనీలు దీన్ని లోపంగా లెక్కించవు. ఒకే మోడలు కార్డుల్లో ఒకటి కూస్తుంది, ఇంకొకటి కూయదు. కాబట్టి కొనేటప్పుడే నిశ్శబ్దమైన చోట పని పెట్టి వినాలి. ఎన్ని రోజుల్లో వాపసు తీసుకుంటారో బిల్లు మీద రాయించుకోవాలి.

తగ్గించే పద్ధతులు

ఖర్చు లేనివి ముందు, ఖర్చు ఉన్నవి తరువాత చెబుతున్నాం. ఒకటి చేసి, విని, ఆ తరువాతే రెండోది చేయండి. అన్నీ ఒకేసారి చేస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు.

మొదటిది: బొమ్మల సంఖ్యకు హద్దు పెట్టడం. ఆటలు, త్రీడీ పనులు చేసేవాళ్ళకు ఇదే అన్నిటికంటే మేలు. మన మానిటర్ సెకనుకు 60 బొమ్మలే చూపగలిగితే కార్డు 1,000 గీసి ఏం లాభం? కార్డు డ్రైవర్ సెట్టింగుల్లో ఫ్రేమ్ రేటును 60కి కట్టేయవచ్చు, లేదా వీ-సింక్ ఆన్ చేయవచ్చు. కరెంటు తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, కూత చెవి అంతగా పట్టించుకోని కింది పౌనఃపున్యానికి దిగుతుంది.

రెండవది: పవర్ లిమిట్ తగ్గించడం. మాలాగా గంటల తరబడి లెక్కలు చేయించేవాళ్ళకు ఇది ముఖ్యం. ఎమ్‌ఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత ప్రోగ్రాంలో పవర్ లిమిట్ అనే గీటు ఉంటుంది. ఇతర కంపెనీల కార్డులకూ ఇది పనిచేస్తుంది. 100 నుంచి 5 చొప్పున తగ్గిస్తూ వినండి. మా 125 వాట్ల కార్డును సుమారు 95 వాట్లకు దించాం. 41 నిమిషాల పని 44 నిమిషాలు పట్టింది. ఫోనులోని గీత మాత్రం సగానికి పైగా కుంగింది. 3 నిమిషాలు ఇచ్చి నిద్ర కొనుక్కున్నాం.

మూడవది: వోల్టేజీ తగ్గించడం. అండర్‌వోల్టింగ్ అంటారు. అదే వేగాన్ని కొంచెం తక్కువ వోల్టేజీతో నడిపించడం. చిప్ వాడే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి కొంచెం తగ్గించినా లాభమే. మరీ తగ్గిస్తే కంప్యూటరు ఆగిపోతుంది. అప్పుడు రీస్టార్ట్ చేసి పాత విలువకు తెచ్చుకోవాలి. ముందు విలువలు నోటుబుక్కులో రాసుకోండి.

నాలుగవది: వణుకు డబ్బాకు పాకకుండా చూడడం. తంబురాలో తీగ చిన్నది, బుర్ర పెద్దది. పాట మోగేది బుర్ర వల్లే. మన డబ్బా రేకు కూడా బుర్రలాగే మోగుతుంది. కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. డబ్బా ఇనుమును ఒకసారి ముట్టుకోండి, ఒంటి మీది స్థిర విద్యుత్తు పోతుంది. ఆ తరువాత కార్డును బిగించే స్క్రూలు, డబ్బా స్క్రూలు సరిగా ఉన్నాయో చూడండి. కార్డు బరువుకు కిందికి వాలి ఉంటే కొస కింద ఆధారం పెట్టండి. డబ్బా కాళ్ళ కింద పాత సైకిలు ట్యూబు ముక్కలు రెండు మడతలు పెట్టండి. రబ్బరు డబ్బా బయటే ఉండాలి, లోపల పెట్టకూడదు.

ఐదవది: దూరం. బహిరంగ ప్రదేశంలో దూరం రెట్టింపయితే శబ్ద తీవ్రత నాలుగో వంతవుతుంది. గదిలో గోడల ప్రతిధ్వని వల్ల అంత తగ్గకపోయినా తేడా తెలుస్తుంది. డబ్బాను బల్ల మీద నుంచి తీసి బల్ల కింద, చెవికి ఎదురుగా లేకుండా పెట్టండి.

ఆరవది: పవర్ సప్లై. కార్డుకు రెండు పవర్ సాకెట్లు ఉంటే, ఒకే తీగ రెండు కొసలు కాకుండా రెండు వేరు తీగలు ఇవ్వడం మంచిది. స్నేహితుడి దగ్గర మంచి పవర్ సప్లై ఉంటే ఒకరోజు అడిగి పెట్టి చూడండి. కూత తగ్గితేనే కొత్తది కొనండి. చూడకుండా కొనకండి.

చేయకూడనివి

మామ చెప్పిన వార్నిష్ మాట విని మాలో ఒకడు వెంటనే "కార్డు మీద కూడా పోద్దాం" అన్నాడు. మామే ఆపాడు. మోటారుకు వార్నిష్ తీగల మధ్యలోకి ఇంకుతుంది, తరువాత వేడికి ఆరబెడతారు. కార్డు మీది దిమ్మెల్లో చాలావాటిలో తీగ ముందే పొడి పదార్థంలో గట్టిగా అచ్చుపోసి ఉంటుంది. పైన పూసింది లోపలికి పోదు. వారంటీ మాత్రం పోతుంది.

హాట్ గ్లూ వేడికి మెత్తబడుతుంది, పనికిరాదు. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ నుంచి వెలువడే ఆమ్లం రాగిని తినేస్తుంది. డబ్బా మీద దుప్పటి కప్పడం, బీరువాలో పెట్టి తలుపు వేయడం అసలే వద్దు. కూత తగ్గదు కానీ కార్డు ఉడుకుతుంది.

అన్నిటికంటే ముఖ్యం: పవర్ సప్లై డబ్బాను ఎట్టి పరిస్థితిలోనూ విప్పవద్దు. 230 వోల్టుల ఏసీ కరెంటు లోపల సుమారు 325 వోల్టుల డీసీగా కెపాసిటర్లలో నిలవ ఉంటుంది. ప్లగ్గు తీసినా కొంతసేపు అది ప్రాణం తీయగలదు.

చేసి చూడండి

గ్రాఫిక్స్ కార్డు లేనివాళ్ళు కూడా ఈ పాఠాన్ని చేత్తో చూడవచ్చు. వైండింగ్ షాపులో ఒక మీటరు ఇనామిల్ తీగ అడగండి. స్కెచ్ పెన్ను చుట్టూ 30 చుట్లు చుట్టి పెన్ను లాగేయండి. రెండు కొసల ఇనామిల్ గీకండి. చుట్టను దారంతో వేలాడదీసి, పాడైన స్పీకరు అయస్కాంతం పక్కన పెట్టండి. 1.5 వోల్టుల టార్చి సెల్లుకు కొసలు తాకించి వెంటనే తీయండి. చుట్ట ఒక్కసారి కదులుతుంది. తాకిస్తూ తీస్తూ ఉంటే వణుకుతుంది. అదే వణుకు సెకనుకు 3,000 సార్లు అయితే మా గదిలో విన్న కూత. ఎక్కువసేపు తాకించి ఉంచకండి, తీగ వేడెక్కుతుంది. ఇంటి ప్లగ్గులో మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

చివరగా

మా కార్డు ఇంకా కొంచెం కూస్తూనే ఉంది. పూర్తిగా పోలేదు, పోతుందని మీకూ చెప్పము. కానీ ఇప్పుడు మాకు భయం లేదు. ఆ 9,000కు ఇచ్చేసి ఉంటే ప్రాజెక్టు ఆగిపోయేది, అప్పు మాత్రం మిగిలేది.

సంక్రాంతికి ముగ్గురం నాయనమ్మ ఊరికి వెళ్ళాం. కంప్యూటరు తీసుకెళ్ళలేదు. ఇంటి వెనక ఇప్పచెట్టు కింద మంచం వేసి, ఫోనులో ఆ 50 మాటలు మొదటి నుంచి మళ్ళీ చెప్పించాం. "పోయినసారి చెప్పినయన్నీ ఏం చేసిన్రు?" అని అడిగింది. జరిగింది చెప్పాం. ఆమె నవ్వి "మీ మిషను కూసుడు ఆ గదిల నాక్కూడ ఇనబడలే" అంది. దుకాణదారు మాట గుర్తొచ్చి మేమూ నవ్వుకున్నాం.

తమ్ముళ్ళూ, యంత్రం కూస్తే మొదట భయపడేది మనలాంటివాళ్ళమే. మన ఇంట్లో దాన్ని అంతకుముందు తాకినవాళ్ళు లేరు, చెడితే మళ్ళీ కొనే స్తోమతు లేదు. మనల్ని తొందరపెట్టి అమ్మించేవాళ్ళు ఆ భయాన్నే చూస్తారు. కాబట్టి ముందు వినండి, వాసన చూడండి, ఏది కదులుతోందో ఆలోచించండి. పుస్తకంలో చదివింది గుర్తు చేసుకోండి. చేత్తో పనిచేసేవాళ్ళను అడగండి. ఆ తరువాతే డబ్బు తీయండి.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ అన్నలు, వైరా హాస్టల్ పూర్వ విద్యార్థులు